ఒక గిన్నెకు ఆరు రొట్టెముక్కలు

లగ్‌మాన్ ఎవరికోసమూ ఆగదు. చుంజా ఊళ్ళో ఏ ఇంటి ఇల్లాలినడిగినా ఈ మాటే చెబుతుంది. చేత్తో సాగదీసిన పిండిపోగులు మరిగే నీళ్ళలో పడ్డాయంటే పొయ్యి మీదుండేది నాలుగు నిమిషాలే. ఆపైన గిన్నెలోకి, గిన్నెలోంచి నోట్లోకి. మధ్యలో ఎవరైనా కబుర్లు పెట్టుకుంటే పోగులన్నీ అతుక్కుని ముద్దయిపోతాయి, వండినావిడ మొహం ఆ ముద్దకంటే గట్టిపడుతుంది. ఈ ఒక్క సంగతిని నమ్ముకునే ఆ ఆదివారం మధ్యాహ్నం మహీనూర్ స్నానాలగదిలో గడియ వేసుకుని, గౌను పైకెత్తి, పొట్టలో ఎనిమిది యూనిట్ల ఇన్సులిన్ పొడుచుకుంది.

ఎనిమిది యూనిట్లంటే ఆరు రొట్టెముక్కలకి. పదకొండో ఏట చక్కెర జబ్బు బయటపడ్డప్పుడు అల్మాటీ ఆసుపత్రిలో డాక్టరమ్మ నేర్పిన లెక్క అది. తినేదేదైనా సరే ముందు రొట్టెముక్కల్లోకి మార్చుకోవాలి, ముక్కకి ఇంతని మందు వేసుకోవాలి. రాబియమ్ అత్తయ్య పెట్టే లగ్‌మాన్ గిన్నెని మహీనూర్, ఇంట్లో ఎవరూ లేని ఒక రోజు, వంటింటి కాటా మీద పెట్టి తూచేసింది. పోగులకి ఐదున్నర ముక్కలు. క్యాప్సికం, టమాటా, ముల్లంగి, చిక్కుడు, ఉల్లి అన్నీ కలిపి అర. గొడ్డు మాంసానికి లెక్కే లేదు, ఎంత తిన్నా సున్నా. మొత్తం ఆరు. అత్తగారి చేతి కొలత తప్పదు కాబట్టి ఆ ఆరూ తప్పవు. ఈ ఇంట్లో మహీనూర్‌కి ధైర్యమిచ్చింది ఏదైనా ఉందంటే అదే.

పెళ్ళయి మూడు నెలలు. ఈ జబ్బు సంగతి ఇంట్లో భర్త శవ్కత్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు కదా, మహీనూర్ తల్లి అన్ని ఆడలేదు, ఒక్కటి దాచింది అంతే. శవ్కత్‌కి మాత్రం మహీనూర్ పెళ్ళికి ముందే చెప్పింది. అతను రెండు రోజులు ఆలోచించి, "నాకేం ఫరవాలేదు. మా అమ్మకి మాత్రం ఇప్పుడే వద్దు. ముందు ఒక బిడ్డ పుట్టనీ, ఆ తర్వాత ఎవరేమంటారు?" అన్నాడు. ఆ రోజు ఆ మాట ఆమెకి ఎంతో ప్రేమగా వినిపించింది. ఇప్పుడు స్నానాలగదిలో సూది పెన్నుని తువ్వాలు మడతలో దాచుకున్న ప్రతిసారీ ఆ ప్రేమ మీద కాస్త కోపం వస్తోంది.

గడియ తీసి వంటింట్లోకి వచ్చేసరికి కుండలో నీళ్ళు సలసల మరుగుతున్నాయి. రాబియమ్ రెండు చేతులకీ పోగులు చుట్టుకుని బల్ల మీద ఫట్టుఫట్టున కొడుతోంది. అరవై దగ్గర పడ్డ మనిషి, భర్త పోయి నాలుగేళ్ళు. మాటలో పొదుపు, పిండిలో నూనెలో లేదు.

"ఎక్కడికెళ్ళావే? కూర దింపు. పోగులు వేసేస్తున్నా" అంది.

సరిగ్గా అప్పుడే వీధిలో కారు ఆగింది. కుక్క మొరిగింది, మళ్ళీ తనే సిగ్గుపడ్డట్టు ఆపేసింది. రాబియమ్ కిటికీలోంచి చూసి చేతుల్లో పోగులు చేతుల్లోనే పెట్టుకుని నిలబడిపోయింది.

"తుర్దఖూన్ బావగారు! పాషాఖాన్ అక్కయ్య కూడా. ఓరి దేవుడా, కబురైనా లేదు. పొయ్యి ఆర్పెయ్ మహీనూర్. పోగుల మీద తడిగుడ్డ కప్పు. ముందు చాయ్."

మహీనూర్ పొయ్యి ఆర్పలేదు. తుర్దఖూన్ అంటే చనిపోయిన మామగారి అన్న, జార్కెంట్ నుంచి భార్య పాషాఖాన్‌తో వచ్చాడు. ఈ వంశంలో ఇప్పుడు అందరికంటే పెద్ద. ఆయన కూర్చుంటే ఒక పట్టాన లేవడు, అరచేతులెత్తి దువా ప్రార్థన మొదలుపెడితే ఒక పట్టాన ఆపడు. పైగా ఈ సంబంధం చూసేటప్పుడు, "పిల్ల అందంగా ఉంటే చాలదు మరదలా, ఆరోగ్యం చూసుకో. రోగిష్టిదాన్ని తెచ్చుకుంటే ఇల్లు ఆసుపత్రైపోతుంది" అన్నది ఈయనే.

గోడ గడియారంలో పన్నెండూ యాభై. మందు లోపలికి వెళ్ళి పది నిమిషాలు.

"అత్తయ్యా, పొయ్యి ఆర్పకుండా ఒక చిన్న వాయి దింపేస్తే..."

"పిచ్చిదానా, వచ్చినవాళ్ళకి చాయ్ పొయ్యకుండా పళ్ళెం పెడతామా? ఎవరింటి పిల్లవే నువ్వు! ఆ ఏప్రన్ తీసి పట్టు గౌను వేసుకో. ఆ మరకలతో పెద్దాయన ముందుకొస్తావా?"

ఏప్రన్ జేబులో ఎప్పుడూ రెండు చాక్లెట్లుంటాయి, ప్రాణం మీదికొస్తే నోట్లో వేసుకోవడానికి. పట్టు గౌనుకి జేబుల్లేవు. పట్టు గౌను కుట్టినవాడికి కోడళ్ళ సంగతేం తెలుసు? హడావుడిలో ఏప్రన్ వంటింటి మేకుకి వేలాడింది, చాక్లెట్లు అందులోనే ఉండిపోయాయి.

భోజనాలకి నేల మీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచారు. దాని మీద రాబియమ్ ఇంట్లో ఉన్న తీపంతా తెచ్చి పెట్టింది. ఎండు ద్రాక్ష, ఎండు ఆప్రికాట్లు, రంగురంగుల మిఠాయి, వేలెడేసి పటికబెల్లం పలుకులు. ఇక వంటింట్లో చెంచాడు చక్కెర మిగల్లేదు. మహీనూర్ నీళ్ళు కాగే సమోవార్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

చాయ్ పొయ్యడం కోడలి పని. అది కూడా ఎలా పొయ్యాలని? గిన్నెలో మూడోవంతుకి మించకూడదు. నిండుగా పోస్తే "తాగి ఇక దయచెయ్యండి" అన్నట్టు. కొంచెం కొంచెం పోస్తేనే "ఇంకా కూర్చోండి" అన్నట్టు. అంటే పెద్దాయన రెండు గుక్కలు తాగడం, గిన్నె చాచడం, ఆమె రెండు చేతులతో అందుకోవడం, ఉప్పు వేసిన పాలచాయ్ పొయ్యడం, మీగడ తేల్చడం, తల వంచి తిరిగివ్వడం. ఇచ్చేలోపు పాషాఖాన్ గిన్నె వస్తుంది. నలుగురు మనుషులు కలిసి కోడల్ని గంటసేపు కదలకుండా కట్టిపడెయ్యడానికి ఇంతకంటే మంచి తాడు ఇంతవరకు ఎవరూ పేనలేదు. చాయ్‌లో చక్కెర ఉందా అంటే అదీ లేదు, ఉప్పు.

తీపి వస్తువులన్నీ చేతికందే దూరంలో ఉన్నాయి. అతిథులు తినమని చెప్పకుండా, పెద్దవాళ్ళు ముట్టకుండా, చాయ్ పోస్తున్న కొత్తకోడలు చెయ్యి చాచి మిఠాయి తీసుకున్నదంటే పదేళ్ళు చెప్పుకుంటారు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు గానీ, ఆ శని ఇక్కడ కోడలి నోట్లో కూర్చుంది.

"ఈసారి జార్కెంట్‌లో జొన్నలు బాగా పండాయి మరదలా" అన్నాడు తుర్దఖూన్ గిన్నె చాస్తూ. "కానీ వర్షం! ఏం వర్షం! మొన్న గురువారం మొదలైంది చూడు, ఆ గురువారం సంగతి చెప్పాలంటే అంతకుముందు మంగళవారం సంగతి చెప్పాలి..."

మంగళవారం నుంచి మొదలుపెట్టాడు. ఒంటిగంటయింది. మహీనూర్ మెడ వెనక చెమట పట్టింది. ఒంటిగంటా పదికి పెదవులు తిమ్మిరెక్కాయి. ఆ తిమ్మిరి ఆమెకి తెలుసు, షుగర్ దిగిపోతున్నదానికి మొదటి గుర్తు. దాని తర్వాత చేతుల వణుకు, ఆ తర్వాత చూపు మసక, ఆ తర్వాత ఏం జరిగిందో తనకి తెలియదు, పక్కవాళ్ళు చెప్పాలి. ఆరు రొట్టెముక్కల మందు ఒంట్లో పనిచేస్తోంది. పనిచెయ్యడానికి దానికి లోపల ఒక్క ముక్క కూడా లేదు.

"అత్తయ్యా, వంటింట్లోంచి మీగడ తెస్తాను" అని లేవబోయింది.

"కూర్చో, పెద్దాయన తాగుతుంటే సమోవార్ వదులుతావా? నేను తెస్తాలే" అని రాబియమ్ తనే లేచింది. మీగడ వచ్చింది. చాక్లెట్లు మేకుకే ఉన్నాయి.

ఎదురుగా శవ్కత్ కూర్చున్నాడు. వాళ్ళిద్దరికీ ఒక సైగ ఉంది, ఎడమ చెవిపోగు పట్టుకుంటే "నాకు బాగాలేదు" అని. మహీనూర్ చెవిపోగు పట్టుకుంది. అతను చూశాడు. చూసి, పెదనాన్న వైపు తిరిగాడు, తల్లి వైపు తిరిగాడు, తల దించుకున్నాడు. తర్వాత ఎవరూ గమనించకుండా పటికబెల్లం పళ్ళేన్ని ఆమె వైపు జరిపాడు. ఎంత? ఒక్క అంగుళం! మహీనూర్‌కి ఏడుపొచ్చింది. మొగుడి ధైర్యమంతా ఆ అంగుళమేనా అనిపించింది.

తుర్దఖూన్ గిన్నె పక్కన పెట్టి రెండు అరచేతులూ పైకెత్తాడు. "మా తమ్ముడికోసం రెండు మాటలు" అన్నాడు. అందరూ అరచేతులు చాచి తలలు వంచారు. ఆయన రెండు మాటలు ఎలాంటివో అందరికీ తెలుసు. తమ్ముడి ఆత్మశాంతి నుంచి మొదలై తండ్రికి, తాతకి, అక్కడ్నుంచి ఊరి మసీదు కట్టినవాళ్ళకి వెళ్ళింది దువా. మహీనూర్ అరచేతులు గాలిలో ఆకుల్లా వణుకుతున్నాయి. పెద్దాయన గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. సమోవార్ రెండుగా కనిపిస్తోంది. ఇప్పుడు తింటే పరువు పోతుంది, తినకపోతే ప్రాణం పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది ఆమె బతుకు. ఇంకో నిమిషం ఆగితే చెయ్యి చాచాలన్న సంగతే గుర్తుండదు, అది మాత్రం ఆమెకి స్పష్టంగా తెలిసింది.

చెయ్యి చాచింది. పటికబెల్లం పలుకు ఒకటి తీసి నోట్లో పెట్టుకుని కొరికింది.

కటుక్.

ఆ నిశ్శబ్దంలో అది రాయి పగిలినంత చప్పుడు. తుర్దఖూన్ దువా మధ్యలో ఆగిపోయింది. మహీనూర్ ఆగలేదు. రెండోది కొరికింది. మూడోది. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే నమిలి మింగి, పైన ఉప్పు చాయ్ ఇంత తాగింది. పరువు పోయేది పోయింది, ఇక పళ్ళు దాచుకోవడం ఎందుకు?

రాబియమ్ మొహం ఎర్రబడింది. "మహీనూర్!" అని ఒక్క మాట అంది.

పాషాఖాన్ మాత్రం కోడలి చెమట పట్టిన నుదుటిని చూసింది, వణుకుతున్న చేతుల్ని చూసింది, ఖాళీ అయిన పళ్ళెం చూసింది. ఆరుగురు పిల్లల తల్లి. ఒక్కసారి చప్పట్లు కొట్టి నవ్వేసింది.

"ఆ పిల్లని తిట్టకు రాబియమ్! నీకు కళ్ళు లేవూ? నేను మా పెద్దాడి కడుపుతో ఉన్నప్పుడు సంతాపానికెళ్ళిన ఇంట్లో తేనె గిన్నె నాకేశాను. దువా, గివా అని ఆగుతామా ఆ సమయంలో! ఎన్నో నెలే తల్లీ?"

గదిలో అందరూ ఒక్కసారే మాట్లాడారు. "ఆమీన్" అన్నాడు తుర్దఖూన్, దువాకో ఈ కబురుకో తెలియలేదు. "తమ్ముడు అడిగింది ఇదే, నేను అడుగుతున్నదీ ఇదే, చూశావా, నోట్లోంచి మాట పూర్తికాలేదు!" అని మురిసిపోయాడు.

"కాదు..." అంది మహీనూర్. నాలుక ఇంకా మొద్దుగానే ఉంది. "అది కాదు, నాకు..."

"ఔను పెదనాన్నా" అన్నాడు శవ్కత్. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు. "రెండో నెల. చెప్పడానికి సిగ్గుపడుతోంది."

మహీనూర్ అతని వైపు చూసింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆమెకి అప్పుడు తెలిసింది. అతను మాత్రం పెద్ద గండం గడిపినవాడిలా ఊపిరి పీల్చుకుని, ఆమెని కాపాడానన్నట్టు చిన్నగా తలూపాడు.

అందరికంటే ఘోరం రాబియమ్ చేసింది. ఆమె కోపగించుకుని ఉంటే బాగుండేది. ఆమె వచ్చి మహీనూర్ పక్కన కూర్చుని, పిండి అంటిన చేతులతో ఆ తల దగ్గరికి తీసుకుని, "మీ మామ ఉండుంటే..." అని ఆగిపోయింది. ఈ మూడు నెలల్లో ఆవిడ ఒక్కసారైనా నవ్వగా కోడలు చూడలేదు. ఇప్పుడు నవ్వుతోంది. ఆ నవ్వు తనది కాదు, లేని బిడ్డది. అది మహీనూర్‌కి గుచ్చుకుంది.

"సమోవార్ ముందునుంచి లేవవే. ఇక నువ్వు పొయ్యక్కర్లేదు. లగ్‌మాన్ వండి నీకే ముందు పెడతా."

పొయ్యి మళ్ళీ వెలిగింది. పోగులు నీళ్ళలో పడ్డాయి. కూర వాసన ఇల్లంతా పాకింది. మహీనూర్‌ని గోడవైపు పెద్దల స్థానంలో, రెండు దిండ్ల మధ్య కూర్చోబెట్టారు. ఒకవైపు పాషాఖాన్, ఇంకోవైపు గోడ. లేవడానికి దారి లేదు. పటికబెల్లం పని మొదలుపెట్టింది, వణుకు తగ్గుతోంది, బుర్ర తేటపడుతోంది. తేటపడ్డకొద్దీ తను ఎక్కడ ఇరుక్కుందో ఇంకా బాగా కనిపిస్తోంది.

రాబియమ్ గిన్నె తెచ్చి ముందు పెట్టింది. మామూలు గిన్నె కాదు, పెళ్ళిళ్ళకి తీసే పెద్ద గిన్నె. పోగులు కొండలా ఉన్నాయి, పైన మాంసం, ఎర్ర మిరపకాయ, చిక్కుడుకాయలు. తన చేత్తోనే ఇంకో పిడికెడు పోగులు పైన వేసింది.

"ఇద్దరికోసం తినాలి. అడుగు కనబడేదాకా తింటేనే ఊరుకుంటా."

మహీనూర్‌కి తెలియకుండానే లెక్క నడిచింది. పోగులకి పదకొండు, కూరగాయలకి ఒకటి. పన్నెండు రొట్టెముక్కలు. తిన్న పటికబెల్లం రెండు. మొత్తం పద్నాలుగు. వేసుకున్న మందు ఆరు ముక్కలకే. మిగతా ఎనిమిదికి స్నానాలగదికి వెళ్ళాలి. ఇక మీదట కడుపుతో ఉన్న కోడల్ని స్నానాలగదిలో గడియ వేసుకోనిస్తారా? రేపు కూడా ఇదే గిన్నె. ఎల్లుండీ ఇదే. నెల తిరిగాక పొట్ట ఏది అని అడుగుతారు. అప్పుడు శవ్కత్ ఇంకేదో చెబుతాడు. పోయిందని చెబుతాడు. లేని బిడ్డకోసం ఈవిడ నిజంగా ఏడుస్తుంది.

"తిను తల్లీ, అతుక్కుపోతుంది" అంది రాబియమ్.

మహీనూర్ చాప్‌స్టిక్స్ కింద పెట్టేసింది.

"అత్తయ్యా, నేను కడుపుతో లేను. నాకు చక్కెర జబ్బు. పదకొండో ఏటినుంచి. ఇందాక మందు వేసుకుని ఉన్నా, తినడం ఆలస్యమై షుగర్ పడిపోయింది. అందుకే పటికబెల్లం తిన్నాను." ఒక్క ఊపిరిలో చెప్పి, శవ్కత్ వైపు చూడకుండా, "స్నానాలగదిలో నీలం తువ్వాలు మడతలో సూది ఉంది. చూసుకోండి" అంది.

పాషాఖాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తుర్దఖూన్ గడ్డం నిమురుకున్నాడు. "నేను అప్పుడే చెప్పాను మరదలా..." అని మొదలుపెట్టాడు.

"మీరు ఆగండి బావగారూ" అంది రాబియమ్. నలభై ఏళ్ళలో ఆవిడ ఆయనతో ఆ మాట అనడం అదే మొదలు. ఆయన నిజంగానే ఆగాడు.

రాబియమ్ స్నానాలగదికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి చేతిలో సూది పెన్ను ఉంది. దాన్ని దస్తర్‌ఖాన్ మీద, రొట్టెల పక్కన పెట్టింది. మొహంలో నవ్వు లేదు. పదేళ్ళు పెద్దదైనట్టుంది.

"శవ్కత్‌కి తెలుసా?"

"తెలుసు. పెళ్ళికి ముందే చెప్పాను."

"అమ్మా, నేను నీకోసమే..." అన్నాడు శవ్కత్.

"నాకోసం! పోసే చెయ్యి వణుకుతుంటే చూస్తూ కూర్చున్నావు. నేను చూశాను నువ్వు పళ్ళెం జరపడం. అదెందుకో అర్థంకాక ఊరుకున్నాను." తర్వాత కోడలివైపు తిరిగింది. "ఈ గిన్నెలో నువ్వు తినాల్సింది ఎంత?"

మహీనూర్ వేలితో గీత చూపించింది. "ఇందాక వేసుకున్న మందుకి ఇంతే. మూడోవంతు. పోగులకి, కూరగాయలకి లెక్కుంది అత్తయ్యా. మాంసానికి లేదు."

రాబియమ్ ఒక ఖాళీ గిన్నె లాక్కుని ఆ మూడోవంతు అందులోకి తీసింది. మిగిలిన కొండంతా అలాగే ఎత్తి కొడుకు ముందు దబ్బున పెట్టింది.

"తిను. ఇద్దరికోసం తిను. అడుగు కనబడాలి."

శవ్కత్ తల వంచుకుని తినడం మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో ఆ పూట వినిపించిందల్లా పోగులు జుర్రుకునే చప్పుడే. మహీనూర్ తన చిన్న గిన్నె దగ్గరికి తీసుకుంది, పోగుల్ని అటూ ఇటూ కదుపుతోంది. రేపు తన పెట్టె గుమ్మం బయట ఉంటుందో లోపల ఉంటుందో ఆమెకి తెలియదు.

"రేపు మీ అమ్మకి ఫోన్ చేస్తాను" అంది రాబియమ్, ఆమె మనసులో మాట విన్నట్టుగా. "ఆవిడకి చెప్పాల్సింది నా దగ్గర చాలా ఉంది. నీకూ ఉంది. ఇంకా నా కోపం పోలేదు, తెలిసిందా? ఇప్పుడు తిను, చల్లారిపోతుంది."

ఆవిడ కూడా తన గిన్నె ముందుకి లాక్కుంది. తినలేదు. కాసేపు ఆ సూది పెన్ను వైపు చూస్తూ కూర్చుంది.

"మాంసానికి లెక్కలేదన్నావా?"

"లేదత్తయ్యా."

"ఎంత తిన్నా?"

"ఎంత తిన్నా."

రాబియమ్ తన గిన్నెలోంచి మాంసం ముక్క ఒకటి ఏరి కోడలి గిన్నెలో వేసింది. తర్వాత ఇంకొకటి. తన గిన్నెలో ఒట్టి పోగులే మిగిలేదాకా వేస్తూనే ఉంది.